కుర్చీ వేసుకునే తెప్ప: ప్రాజెక్టు డైరీ

జనవరి 19

సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాక ఈ పని పట్టుకున్నాను. మాది నల్లగొండ జిల్లా. సాగర్ రోడ్డులో మాల్ అనే ఊరు దాటాక లోపలికి వెళ్ళాలి, వనస్థలిపురంలో మా ఇంటి నుంచి 80 కిలోమీటర్లు. నాన్నకి 72 ఏళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచి మా ఊరి చెరువులో గాలం వేసిన మనిషి. ఇప్పుడు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, కట్ట రాళ్ళ మీద గొంతుక్కూర్చోలేడు. కనుమ రోజు పొద్దున కట్ట మీద నిలబడి, తన చిన్ననాటి దోస్తు థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వల తీస్తుంటే అరగంట చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చేశాడు. రాత్రి అన్నం తింటూ అన్నాడు, "కుర్చీ ఏసుకొని కూసునే తెప్ప ఉంటే ఎంత మంచిగుండు రా" అని.

అలాంటి తెప్ప ఉంది. పాంటూన్ బోటు అంటారు. గాలి తప్ప మరేమీ లేని రెండు పొడవాటి గొట్టాలు, వాటి మీద చదునైన బల్ల, అంతే. 1952లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనుప డ్రమ్ములని రెండు వరసలుగా కలిపి, పైన చెక్క పరిచి చెరువులోకి వదిలాడు. అక్కడ ఇప్పుడు సరస్సు పక్కన ఉండేవాళ్ళకి అది మామూలు వస్తువు. మన తెప్పకి దూరపు చుట్టమే.

మామూలు పడవలో ఒక అంచు మీద కాలు పెడితే అటే ఒరుగుతుంది. కృష్ణలో తిరిగే పుట్టి అయితే ఇంకా కష్టం, అందులో అడుగు పెట్టడానికే అలవాటు కావాలి. పాంటూన్‌లో నీటి మీద తేల్చే భాగం రెండు పక్కల చివర్లలో ఉంటుంది. అందుకే నడిచినా, లేచి నిలబడినా పెద్దగా ఊగదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి కావలసింది అదే.

జనవరి 26

లెక్కలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ముందు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు అనుకున్నాను, చవకగా అయిపోతుందని. కానీ డ్రమ్ముకీ డ్రమ్ముకీ మధ్య సందులో నీళ్ళు తన్నుకుంటాయి, మోటారు బలమంతా అక్కడే పోతుంది. పైగా ట్రైలర్ మీద 80 కిలోమీటర్లు ఊగుతూ పోతే పట్టీలు వదులవుతాయి. అల్యూమినియం వైపే మొగ్గాను.

ఒక సంగతి దొరికి చాలా సంతోషం వేసింది. మార్కెట్లో దొరికే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు షీటుని వెడల్పు వైపు చుడితే దాదాపు 39 సెంటీమీటర్ల వ్యాసం గొట్టం వస్తుంది, ఒక్క ముక్క కూడా వృథా కాదు. రెండు షీట్లు కలిపితే 16 అడుగుల గొట్టం. అంటే నాలుగు షీట్లతో రెండు గొట్టాలూ అయిపోతాయి. ఒక్కో గొట్టం లోపలి చోటు 577 లీటర్లు. అంటే పూర్తిగా ముంచడానికి ఒక్కోదానికి 577 కిలోల బరువు కావాలి, రెంటికీ కలిపి 1154.

ఇందులో పాటించాల్సిన నియమం ఒకటే. అందరూ ఎక్కాక కూడా గొట్టం సగానికి మించి మునగకూడదు. అంటే మొత్తం బరువు 577 కిలోల లోపే ఉండాలి. గొట్టాలు 105, అడ్డ చానళ్ళు 28, బల్ల 52, రెయిలింగు 18, మోటారు 10, బ్యాటరీ 12, లంగర్లూ తాళ్ళూ 20, మనుషులు ముగ్గురు 225, మిగతా సామాను 30. కూడితే సరిగ్గా 500. ఇంకా 77 కిలోల వెసులుబాటు ఉంది. నాన్నకి చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో అంకె వేలు పెట్టి చదివాడు.

ఫిబ్రవరి 9

రాణిగంజ్‌లో రెండు రోజులు తిరిగి షీట్లు తెచ్చాను. 3 మిల్లీమీటర్ల మందం, 5052 రకం. నీటిలో నానే పనికి ఆ రకమే కావాలి, వంట గిన్నెల అల్యూమినియం పనికిరాదు. కిలో 420 చొప్పున 96 కిలోలకి 40 వేల చిల్లర అయింది. షీట్లు మోసుకొచ్చిన ఆటో ట్రాలీ అతనితో "పడవ చేస్తున్నామండీ" అంటే, ఎల్బీ నగర్ దాకా దాని గురించే అడుగుతూ వచ్చాడు.

మార్చి 2

ఈ మూడు వారాలూ వెల్డింగ్ గొడవే. కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే డబ్బు మిగులుతుంది.

మొదట ఇచ్చిన షెడ్డు పేరు రాయను. పని చేసినతను ఇనుములో మంచి చెయ్యి ఉన్నవాడే. కానీ అల్యూమినియం వేరే ప్రాణి. దాని మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది. లోహం 660 డిగ్రీలకి కరిగితే, ఆ పొర 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొరని అప్పటికప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షుతో గీకి, ఎసిటోన్‌తో తుడిచి, వెంటనే వెల్డ్ చేయాలి. చేతి జిడ్డు తగిలినా చాలు, లోపల సన్నటి గాలి బుడగలు నిలిచిపోతాయి. అక్కడ అదేమీ చేయలేదు. కుట్టు పైకి మాత్రం నున్నగా, అందంగా ఉంది.

ఇంటికి తెచ్చి పరీక్ష పెట్టాను. ఒక్కో గొట్టాన్ని లోపల అడ్డ గోడలు పెట్టి మూడు గదులు చేయించాను, ఒక గది చిల్లు పడ్డా పడవ తేలాలని. గది గదికీ కారు టైరు వాల్వు బిగించాను. సైకిలు పంపుతో 2 పీఎస్ఐ గాలి కొట్టి, సర్ఫు నీళ్ళు బ్రష్షుతో పూశాను. ఏడు చోట్ల బుడగలు లేచాయి. ఒక చోటైతే చీమ బారులా వరసగా. నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, బుడగ లేచిన చోటల్లా మార్కర్‌తో గుండ్రంగా గీస్తూ పోయాడు.

ఇక్కడొక జాగ్రత్త. 2 పీఎస్ఐ అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ 39 సెంటీమీటర్ల మూత మీద ఆ ఒత్తిడి దాదాపు 165 కిలోల బరువుతో సమానం. పంక్చర్ షాపు కంప్రెసర్ తెచ్చి పెడితే మూత ఊడి ఎగిరి మనిషికి తగలొచ్చు. సైకిలు పంపు, చిన్న గేజి, ఓపిక, ఈ మూడూ చాలు.

రెండో చోట ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పాత కుట్టంతా గ్రైండ్ చేసి, టిగ్ వెల్డింగ్‌తో మళ్ళీ వేశాడు. ఒక్కో జానెడు కుట్టుకి ముందు బ్రష్షు, తర్వాత గుడ్డ, ఆ తర్వాతే ఆర్క్. పని మధ్యలో టీ తాగి వస్తే మళ్ళీ బ్రష్షే. ఆ పద్ధతి చూస్తుంటే కడుపు నిండిపోయింది. నాలుగు రోజులు పట్టింది. ఈసారి రాత్రంతా గాలి ఉంచాను, పొద్దున చూస్తే గేజి ముల్లు కదల్లేదు.

మార్చి 23

బల్ల అయిపోయింది. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మూడు షీట్లని 6 అడుగుల దగ్గర కోసి పక్కపక్కన పెడితే 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు బల్ల వచ్చింది. మిగిలిన మూడు ముక్కలు సామాను పెట్టెకి సరిపోయాయి. కోసిన అంచులకి మూడు పూతలు ఎపాక్సీ వేశాను, ప్లైవుడ్ చెడిపోయేది అంచు నుంచే.

కింద రెండు అడుగులకొకటి చొప్పున ఏడు అల్యూమినియం చానళ్ళు. స్టీలు బోల్టు అల్యూమినియంకి నేరుగా తగిలితే తడిలో అల్యూమినియంని తినేస్తుంది, అందుకే ప్రతి బోల్టుకీ నైలాన్ వాషర్ వేశాను. చెదపురుగుల మందు ఎక్కించిన చాలా చెక్కల్లో రాగి ఉంటుంది. అవి వాడొద్దు, అదే గొడవ వస్తుంది.

నాన్న కుర్చీ గురించి రెండు వారాలు ఆలోచించాను. మామూలు కుర్చీ పెడితే జారుతుంది. చివరికి గట్టి చేతులున్న పాత ఆఫీసు కుర్చీ తీసుకుని, చక్రాలు పీకేసి, దాని కాడని బల్లకి బిగించిన ఇనుప పళ్ళెంలో దించాను. గుండ్రంగా తిరుగుతుంది. ఎత్తు నాన్న మోకాలికి కొలిచి పెట్టాను, లేచేటప్పుడు కాళ్ళ మీద భారం పడకుండా 20 అంగుళాలు. కుడి చేతి పక్కన రెయిలింగు, పట్టుకుని లేవడానికి.

ఏప్రిల్ 13

పడవ కంటే ట్రైలర్ పెద్ద పని అని ఇప్పుడు అర్థమవుతోంది. ఇది రోడ్డెక్కే బండి. మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. లాగే బండి నంబరు వెనకాల ట్రైలర్ మీద కూడా కనపడాలి. అందుకే మొదటి రోజు నుంచే కాగితాలు చేతికిచ్చే తయారీదారుడి దగ్గర చేయించాను, ఇంట్లో సొంతంగా అతికించలేదు. నేను చెప్పినవి మూడే: పడవ ఆనే చోట కార్పెట్ చుట్టిన రెండు పొడవాటి దుంగలు, ముందు విన్చి (పడవని తాడుతో చుట్టి లాగే మర), ఇరుసు ముందుకీ వెనక్కీ జరిపే వీలు. ట్రైలర్ ఖాళీ బరువు 190 కిలోలు.

ఏప్రిల్ 20

తెల్లారుజామున 5 గంటలకి బొలెరోకి తగిలించి బీఎన్ రెడ్డి నగర్ దాకా తీసుకెళ్ళాను. గంటకి 40 దాకా బాగానే ఉంది. 50 దాటగానే వెనక ట్రైలర్ పాము తోకలా కొట్టుకోవడం మొదలైంది. స్టీరింగ్ చేతిలో వణికింది. బ్రేకు గట్టిగా తొక్కితే ఇంకా పెరుగుతుందని చదివి ఉన్నాను కాబట్టి మెల్లగా యాక్సిలరేటర్ మీద కాలు తీసి నిలబెట్టాను. చాలా టెన్షన్ పడ్డాను.

కారణం తూకంలో ఉంది. ట్రైలర్ ముక్కు లాగే బండి హుక్కు మీద కొంత బరువు మోపాలి. మొత్తం బరువులో పదో వంతు అటూఇటూ. తక్కువైతే తోక ఊగుతుంది, మరీ ఎక్కువైతే బండి వెనక భాగం కుంగి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. ఇంట్లో బరువు చూసుకునే మెషీన్‌ని ఇటుకల మీద హుక్కు ఎత్తుకి పెట్టి, దాని మీద ముక్కు ఆనించి చూశాను. 12 కిలోలు. పడవ 203, ట్రైలర్ 190 కలిపి 393 అయితే ఉండాల్సింది 40 దాకా.

ఇరుసు నుంచి హుక్కుకి 3.6 మీటర్లు. పడవని అర మీటరు ముందుకి జరిపితే 203ని అరతో గుణించి 3.6తో భాగించాలి, అంటే 28 కిలోలు ముక్కు మీదకి వస్తాయి. 12కి 28 కలిపితే 40. విన్చి స్తంభాన్ని అర మీటరు ముందుకి బిగించి మళ్ళీ తూచాను. మెషీన్ 40.5 చూపించింది. ఆ రాత్రే మళ్ళీ రోడ్డెక్కి 60 దాకా వెళ్ళాను. వెనక ఏదో ఉందన్న సంగతే తెలియలేదు.

మే 4

రివర్సు నేర్చుకున్నాను. నేర్పింది మా మేనమామ కొడుకు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, ఊళ్ళో ట్రాక్టరు తోలతాడు. పత్తి బస్తాలు నిండిన ట్రాలీని సందులోకి ఒక్క దెబ్బలో వెనక్కి పెడతాడు. ఏదో పని మీద సిటీకి వస్తే పక్క ఖాళీ ప్లాటులోకి తీసుకెళ్ళాను.

"చెయ్యి స్టీరింగ్ మీదికెళ్ళి తియ్యి బావా, కింద వట్టు" అన్నాడు. స్టీరింగ్‌ని అడుగున, ఆరు గంటల ముల్లు దగ్గర పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే పోతుంది. బుర్రతో తిరగేసుకునే పని ఉండదు. ఇంకోటి కూడా చెప్పాడు: ట్రైలర్ తిరగడం మొదలైన మరుక్షణమే స్టీరింగ్ విప్పడం మొదలెట్టాలి, తిరిగాక విప్పితే మడత పడుతుంది. రెండు ఇటుకల మధ్య నుంచి నలభై సార్లు వెనక్కి పెట్టించాడు. చీకటి పడే వేళకి చెయ్యి దానంతటదే కదిలింది.

మే 18

మొదటి ప్రయాణం. పడవ నీళ్ళు చూడకుండానే తిరిగొచ్చాం.

యాచారం దగ్గర టీకి ఆగి, అలవాటుగా చక్రాల మధ్య హబ్బు మీద చెయ్యి పెట్టాను. కుడిది గోరువెచ్చగా ఉంది. ఎడమది చుర్రుమంది, వేలు ఆనించలేకపోయాను. బేరింగు నట్టు అతిగా బిగించి ఉంది. బిగించిన మెకానిక్ పేరు ఇక్కడ అనవసరం. నట్టు బిగించాక చిన్న పిసరు వదులు చేయాలన్నది తెలిసి ఉంటే నేనే చూసుకునేవాణ్ణి. చల్లారనిచ్చి, వదులు చేసి, గ్రీజు నింపి బయల్దేరేసరికి గంటన్నర. ఇప్పుడు నా నియమం: బయల్దేరిన 15 కిలోమీటర్లకి ఒకసారి, తర్వాత ప్రతి 40కి ఒకసారి ఆగి రెండు హబ్బులూ తాకి చూడటం.

ఊరికి చేరాక అసలు సంగతి తెలిసింది. మే నెల చెరువు. జనవరిలో కట్ట దాకా ఉన్న నీళ్ళు ఇప్పుడు మధ్యలో గుంటలా మిగిలాయి. కట్ట వైపు రాతి పరుపు, ట్రైలర్ దిగదు. బతుకమ్మ మెట్లు అంతకన్నా దిగదు. శిఖం వైపు నుంచి, అంటే చెరువు లోపలి నేల వైపు నుంచి, దిగాలంటే నీటి అంచుకి వంద గజాల ముందే బురద. పైన ఎండి పగుళ్ళు, కింద మెత్తటి ఒండ్రు. బొలెరో ముందు చక్రం దిగబడగానే ఆపేశాను.

నాన్న దోస్తు వల భుజాన వేసుకుని వచ్చాడు. మత్స్య సహకార సంఘంలో పెద్ద మనిషి. నీళ్ళు తగ్గిన ఈ నెలలోనే వాళ్ళకి చేపలు పట్టే పని, ఊపిరి సలపదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టం మీద కొట్టి చప్పుడు విని, "నీళ్ళున్ననాడు రాకపోతిరి, ఎండినంక తెస్తిరి" అన్నాడు. నాన్న పడవలోని కుర్చీ వైపు చూపించాడు. ఆయన ఎక్కి కూర్చుని అటూ ఇటూ తిరిగి చూసి, ఏమీ అనకుండా దిగి వలల దగ్గరికి పోయాడు.

అమెరికాలో సరస్సుల పక్కన సిమెంటు ర్యాంపు ఉంటుంది, నీటి మట్టం పెద్దగా మారదు. మన చెరువు వానకి నిండి వేసవికి ఎండేది. ర్యాంపు ఇక్కడ ప్రతి నెలా జరుగుతూ ఉంటుంది. ఈ సంగతి జనవరిలోనే ఆలోచించి ఉండాల్సింది.

జూన్ 8

మృగశిర. రాంనగర్ మార్కెట్లో కాలు పెట్టే చోటు లేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు కోసం జనం. అక్కడ నోట్లో వేసేది కొరమీను పిల్లనే, మన రాష్ట్ర చేప. మేమూ ఒక కిలో తెచ్చి పులుసు పెట్టుకున్నాం. పడవ ప్లాటులో టార్పాలిన్ కింద ఉంది.

సిటీలోనే ఎక్కడైనా దింపొచ్చు కదా అని ఆఫీసులో ఒకరు అడిగారు. గండిపేట, హిమాయత్‌సాగర్ రెండూ 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు, ఊరు తాగే నీళ్ళు. వాటిలో సరదా పడవ ఊసే ఎత్తకూడదన్నది నా అభిప్రాయం. మిగతా చెరువుల్లో గుర్రపుడెక్క. ఆ వేళ్ళు మోటారు రెక్కకి చుట్టుకుంటే కదలదు. పైగా వానాకాలం మొదట్లో బొచ్చె, రోహు గుడ్ల మీద ఉంటాయి. ఆగడమే మంచిది.

జులై 27

ఆగిన రోజుల్లో చేసినవి. బొలెరో తారు రోడ్డు మీద లాగుతుంది, బురదలోకి ట్రాక్టరు దింపుతుంది. ఇదీ కొత్త ఏర్పాటు. ట్రాక్టరుకి పిన్ను హుక్కు, నా ట్రైలర్‌కి 50 మిల్లీమీటర్ల గుండు హుక్కు. రెంటికీ కుదిరేలా ఒక ఇనుప పళ్ళెం చేయించాను. ట్రైలర్ ముక్కుకి 8 అడుగుల పొడుగింపు గొట్టం కూడా, ట్రాక్టరు నీళ్ళకి దూరంగా ఉండేలా. అది దింపేటప్పుడే, రోడ్డు మీద వాడకూడదు.

మోటారు బిగింపు అయింది. 12 వోల్టుల ట్రోలింగ్ మోటారు, 55 పౌండ్ల తోపు. పూర్తి వేగంలో 50 ఆంపియర్లు తాగుతుంది, 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ రెండు గంటలకి ఖాళీ. సగం కంటే తక్కువ వేగంలో పెడితే పొద్దంతా వస్తుంది, చేపల పనికి అంతకన్నా అక్కర్లేదు. బ్యాటరీ పక్కనే 60 ఆంపియర్ల బ్రేకర్ పెట్టాను. మోటారుకి ఏమైనా అడ్డుపడితే వైరు కాలకుండా.

సెప్టెంబరు 21

బామ్మర్ది ఫోన్. "బావా, అలుగు పారుతుంది." వెనకాల నీళ్ళ చప్పుడు వినిపించాడు.

సంఘం వాళ్ళతో మాట్లాడాను. చెరువులో చేప పిల్లలు వదిలేది, కాపలా కాసేది వాళ్ళు. ఆ చేప వాళ్ళ కష్టం. గాలానికి పడిన ప్రతిదీ ఒడ్డున తూచి, వాళ్ళ ధరకి కొనుక్కుంటానని, చిన్నవి వదిలేస్తానని చెప్పాను. ఒప్పుకున్నారు. అలుగు పారడం ఆగేదాకా మాత్రం దిగొద్దన్నారు. నిజమే. అలుగు దగ్గర, తూము దగ్గర నీటి లాగుడుకి మా మోటారు చాలదు.

అక్టోబరు 12

దించాం.

చేరాక ముప్పావు గంట ఊరికే కూర్చున్నాం. ప్రయాణంలో వేడెక్కిన హబ్బుని వెంటనే చల్లటి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్ళని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తర్వాత బేరింగు తుప్పే. ఆ ముప్పావు గంటలో నాన్న కట్ట మైసమ్మకి కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పడవ ముక్కుకి కూడా పెట్టాడు.

లైట్ల వైరు పీకి, కట్టిన పట్టీలన్నీ విప్పి, విన్చి తాడు మాత్రం ఉంచాం. బామ్మర్ది ట్రాక్టరుని అడుగడుగునా వెనక్కి జరిపాడు. నేను తొడల్లోతు నీళ్ళలో నిలబడి ఎడమ గొట్టం మీద చెయ్యి వేసి ఉన్నాను. ట్రైలర్ దుంగ మీద గొట్టం బరువు ఆనినంత సేపూ చేతికి ఇంజను అదురు తెలుస్తూనే ఉంది. ఒక చోటికి వచ్చేసరికి ఆ అదురు పోయింది. చెయ్యి కింద గొట్టం మెత్తగా, కాస్త పైకి లేచింది. తేలింది.

ఖాళీగా ఉన్నప్పుడు గొట్టం 9 సెంటీమీటర్లే మునిగింది, ముందే గీసుకున్న గీత దగ్గరే నీళ్ళు ఆగాయి. ముగ్గురం సామానుతో సహా ఎక్కాక 17. లెక్క కుదిరింది.

నాన్న రెయిలింగు పట్టుకుని, పక్కనుంచి కాకుండా ముందు గేటులోంచి ఎక్కాడు. లైఫ్ జాకెట్ వద్దన్నాడు. అది వేసుకోకపోతే మోటారు వేయనని చెప్పాను, వేసుకున్నాడు. నేనూ బామ్మర్దీ ఇద్దరం ఒకేసారి ముందు మూలకి వెళ్ళకుండా ముందే అనుకున్నాం. పాంటూన్ పక్కలకి ఊగదు గానీ, బరువంతా ముక్కు మీద పడితే ముందుకి దిగుతుంది.

గాలి పెద్ద పాఠం నేర్పింది. ఎత్తయిన చదును బల్ల కాబట్టి తెరచాపలా గాలి పట్టుకుంటుంది. ఒక్క లంగరు వేస్తే పడవ దాని చుట్టూ గడియారం ముల్లులా తిరిగింది, గాలం తాళ్ళు చిక్కుపడ్డాయి. ముక్కుకి గాలి ఎదురుగా ఒకటి, వెనక ఒకటి వేశాక నిలిచింది. తాడు కూడా నీటి లోతుకి నాలుగైదు రెట్లు వదిలితేనే లంగరు అడుగున పట్టింది.

నాన్న తన ఎర తనే తెచ్చుకున్నాడు. తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం బెల్లం నీళ్ళు కలిపిన ముద్ద. బొచ్చె పైపైన తింటుంది, రోహు నడిమి నీళ్ళలో, బంగారుతీగ అడుగున బురద కెలుకుతుంది. దాన్ని బట్టి తంగూసు మీద బెండుని జరుపుతూ పోయాడు. మొదటి గంటన్నర ఏమీ లేదు. ఆయనకి ఏ తొందరా లేదు. కాళ్ళు చాపుకుని, కుర్చీ మెల్లగా తిప్పుకుంటూ, ఏ తుమ్మచెట్టు కింద ఏ సంవత్సరం ఏం పడిందో చెబుతూ ఉన్నాడు. నలభై ఏళ్ళలో ఆయన నోట వినని కథలు.

పదిన్నరకి బెండు రెండుసార్లు వణికి, పక్కకి నడిచి మునిగింది. నాన్న లాగలేదు. మనసులో మూడు లెక్కపెట్టుకున్నాడేమో, అప్పుడు కొట్టాడు. రీలు కీచుమంది. నేను లేవబోతే "కూసో" అన్నాడు. చేప పడవ కిందకి దూరి రెండు గొట్టాల మధ్యకి పోయింది. ఇది పాంటూన్‌తో వచ్చే ఇబ్బంది, తంగూసు గొట్టం అంచుకి రాసుకుంటే తెగుతుంది. నాన్న గాలం కర్ర కొసని నీళ్ళలోకి ముంచి, దాన్ని ముందు వైపు నుంచి చుట్టూ తిప్పి బయటికి తెచ్చాడు. ఇదంతా కుర్చీలోంచే. రోహు. ఒడ్డున తూస్తే 2 కిలోల 300 గ్రాములు.

అక్టోబరు 19

వాడుకలో తేలినవి రాసుకుంటున్నాను. గొట్టాల లోపలి అంచుల వెంట రబ్బరు పట్టీ వేయాలి, తంగూసు రాసుకోకుండా. ఎక్కించేటప్పుడు పక్కగాలికి పడవ ట్రైలర్ మీద వంకరగా కూర్చుంది. ట్రైలర్ వెనక రెండు వైపులా నిలువు కర్రలు బిగిస్తే వాటి మధ్యకి సూటిగా వస్తుంది. హబ్బులు విప్పి చూశాను, గ్రీజులో నీటి జాడ లేదు. గదుల వాల్వులు తీసి చూస్తే ఆరూ పొడిగానే ఉన్నాయి.

నవంబరు 9

నాలుగోసారి దించాం. దించడానికి 20 నిమిషాలు, ఎక్కించడానికి 25. మొదటిసారి రెండు గంటలు పట్టింది.

ఈసారి నాన్న దోస్తు తన థర్మాకోల్ తెప్ప మీద మా పక్కకి వచ్చి, ఒక చెయ్యి మా రెయిలింగు మీద వేసి చాలాసేపు మాట్లాడాడు. ఆయనకీ నడుం నొప్పి మొదలైందట, తెప్ప మీద మడిచిన కాళ్ళు తిమ్మిరెక్కి ఒడ్డుకొచ్చాక పావుగంట లేవలేకపోతున్నాడట. నాన్న నా వైపు చూశాడు.

రాత్రి ఇంటికొచ్చి నోటు పుస్తకం తీశాను. రెండో కుర్చీ, పళ్ళెంతో కలిపి 14 కిలోలు. ఆయన బరువు 60 దాకా ఉంటుంది. 500కి 74 కలిపితే 574, 577 హద్దుకి మూడు కిలోలే తక్కువ. అది చాలదు. అందుకని వాళ్ళిద్దరూ కూర్చున్న రోజు బామ్మర్ది ఒడ్డున ఉంటాడు. అప్పుడు 499. కుర్చీలు పడవ నడిమి గీతకి చెరో వైపు 55 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తూకం సరిపోతుంది. పళ్ళేనికి నాలుగు చిల్లులు, మూడో చానల్ మీద. గురువారం డ్రిల్ చేస్తాను.